ఒజ్జ యేలిన 87 దినములు

బడిపిల్లలకు వ్యాకరణము చెప్పి పొట్ట పోసికొనిన పంతులు చక్రవర్తి యగుట ప్రపంచ చరిత్రలో తఱచుగా కనవచ్చు సంగతి కాదు. చంద్రగుప్తుని వెనుక చాణక్యుడు నిలిచెనే గాని, సింహాసనముపై తాను కూర్చుండలేదు. రోమునగరమున మాత్రము అట్టి విచిత్రము జరిగినది. క్రీ. శ. 193వ సంవత్సరము జనవరి 1వ తేదీన, ఇంకను తెల్లవాఱకమునుపే, ఆ మహాసామ్రాజ్యమునకు ప్రభువైన పబ్లియస్ హెల్వియస్ పెర్టినాక్స్ యౌవనమున ఉపాధ్యాయుడు. అతని తండ్రి ఒకప్పుడు బానిస. 66 ఏండ్ల వయసున రాజ్యభారము వహించిన ఆ వృద్ధుడు, అదే సంవత్సరము మార్చి 28వ తేదీన తన్ను కాపాడవలసిన భటుల కత్తులకే బలియయ్యెను. తొలినాటిని తుదినాటిని కలిపి లెక్కింపగా అతని యేలుబడి 87 దినములు.

పాఠ్యపుస్తకములలో ఇతనికి ఒక పంక్తి దక్కిన గొప్ప. ఆ పంక్తి వెనుక కథ తెలిసికొనుటకు మనకు ముగ్గురు సాక్షులు కలరు. మొదటివాడు గ్రీకుభాషలో రోమక చరిత్ర వ్రాసిన డియో కాసియస్. ఈతడు సెనేట్ సభ్యుడు. ఆ దినములలో సభయందు కూర్చుండి కన్నులార చూచినవాడు. రెండవవాడు హెరోడియన్. అతడును ఆ కాలమువాడే గాని, కథకు కొంచెము రంగు పూయుట అతనికి ప్రీతి. మూడవది లాటినుభాషలోని ‘ఆగస్టా చరిత్ర’. చాల తరువాతి కాలమున కూర్పబడిన ఈ గ్రంథమున బంగారమును ఇత్తడియు కలిసియుండును. పెర్టినాక్స్ జీవితభాగమున మాత్రము బంగారపు పాలు హెచ్చు. జర్మనీలో కొలోన్ నగరము దాపున దొరికిన ఒక శిలాశాసనము అతని తొలి యుద్యోగములను పేర్కొని ఆ గ్రంథమును చాలవఱకు బలపఱచినది.

పెర్టినాక్స్ 126వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన ఇటలీ దేశపు వాయవ్యభాగమునందలి ఆల్బా పాంపెయా ప్రాంతమున జన్మించెను. తండ్రి హెల్వియస్ సక్సెసస్ దాస్యవిముక్తుడై ఉన్నివ్యాపారము చేసికొనుచుండెను. ‘పెర్టినాక్స్’ అనగా పట్టు విడువనివాడని అర్థము. తన వ్యాపారమును తాను పట్టు విడువక సాగించిన గుర్తుగా తండ్రి కొడుకున కా పేరు పెట్టెనట. శిశువు పుట్టిన గడియలో ఒక నల్లని గుఱ్ఱపుపిల్ల ఇంటికప్పుపైకి ఎక్కి, కొంచెముసేపు నిలిచి, క్రిందబడి చచ్చెనని ఆగస్టా చరిత్ర చెప్పుచున్నది. కలవరపడిన తండ్రి కాల్డియా జ్యోతిష్కుని కడకు పరుగెత్తెను. బిడ్డకు మహాయోగము కలదని జ్యోతిష్కుడు పలుకగా, తన డబ్బు దండుగయైనదని ఆ తండ్రి విసుగుకొనెనట. కప్పుపై కొంచెముసేపే నిలిచిన గుఱ్ఱపుపిల్ల కథ ఏ సంవత్సరము తరువాత పుట్టియుండునో చదువరులు ఊహింపగలరు. కాని డబ్బు దండుగయని వగచిన ఆ వర్తకుడు మాత్రము అచ్చముగా నిజమైన మనుష్యుని వలెనే ఉన్నాడు.

తండ్రి కొడుకునకు చదువు చెప్పించెను. వ్రాత, లెక్కలు ముగిసిన పిమ్మట బాలుడు మొదట ఒక గ్రీకు వైయాకరణునొద్దను, తరువాత సల్పిసియస్ అపాలినారిస్ అను మహాపండితునొద్దను శుశ్రూష చేసెను. ఈ అపాలినారిస్ సామాన్యుడు కాడు. టెరెన్స్ నాటకముల కథాసంగ్రహములను పద్యములలో రచించినవాడు. ‘ఆటిక్ రాత్రులు’ వ్రాసిన ఆలస్ గెల్లియస్‌కు గురువు. అట్టి గురువునొద్ద చదివిన పెర్టినాక్స్ తానును వ్యాకరణోపాధ్యాయుడై బడి నడపెను. ఆనాటి రోమున వ్యాకరణోపాధ్యాయుని పని సూత్రములు వల్లెవేయించుటతో తీరునది కాదు. కావ్యమును చేతబట్టి, పదమునకు పదముగా అర్థము చెప్పి, పురాణకథలను విశేషములను వివరించి, తప్పు పలికిన నాలుకను దిద్దవలెను. మన పండితులు రఘువంశమునకు ప్రతిపదార్థ తాత్పర్యములు చెప్పినట్లే యనుకొనవచ్చును.

జీతము సంగతియు ఇంచుమించు అట్లే. ఆ తరమునకు కొంచెము ముందువాడైన జువెనల్ కవి తన యేడవ వ్యంగ్యకావ్యమును ఈ వ్యాకరణోపాధ్యాయుని దైన్యముతోనే ముగించినాడు. సంవత్సరమంతయు గొంతు చించుకొనినవానికి, పందెమున ఒక్కసారి గెలిచినవానికి ముట్టునంత మాత్రమే ముట్టునని అతని యెత్తిపొడుపు. పెర్టినాక్స్‌కును బడివలన కడుపు నిండలేదు. వయసు ముప్పదులలో పడిన పిదప అతడు తండ్రికి ఆశ్రయదాతయైన లోలియానస్ అవిటస్ అను ప్రముఖుని ఆశ్రయించి, సైన్యమున పదవి నర్థించెను. ఒక పటాలమునకు అధికారియై సిరియా దేశమునకు పంపబడెను.

తొలి యుద్యోగమే తలవంపుతో మొదలయ్యెను. ప్రభుత్వపు గుఱ్ఱములను, బండ్లను వాడుకొనుటకు అనుమతిపత్రముండవలెను. పెర్టినాక్స్ అది లేకయే వాటిని వాడుకొనెను. ఇది తెలిసిన సిరియా పాలకుడు అతనిని అంతియోకు నగరమునుండి తన స్థానమువఱకు కాలినడకను పోవలసినదని ఆజ్ఞాపించెను. మొన్నటివఱకు శిష్యులను శిక్షించిన ఒజ్జ ఎండలో దుమ్ములో నడచిపోయెను. పై మెట్టెక్కిన పిదప కఠినమైన క్రమశిక్షణకు పేరుపడిన ఇతడు ఈ నడకను మఱచియుండడు.

తరువాతి ముప్పదియేండ్ల చరిత్రను త్వరగా చెప్పుకొనవచ్చును. పార్థియనులతో జరిగిన యుద్ధమున పేరు తెచ్చుకొని, బ్రిటనులోను డాన్యూబు తీరమునను పనిచేసెను. ఇటలీలో పేదపిల్లల పోషణకై ఏర్పడిన ధర్మనిధికి అధికారిగా ఉండెను. రైన్ నదిపై నౌకాదళమును నడపెను. ముసలితల్లి కొడుకును వెదకికొనుచు ఆ దూరదేశమునకు పోయి అక్కడనే కన్ను మూసెను. డేషియాలో ఉన్నపుడు ఎవరో కొండెములు చెప్పగా మార్కస్ ఆరీలియస్ చక్రవర్తి ఇతనిని పదవినుండి తొలగించెను. చక్రవర్తి అల్లుడైన క్లాడియస్ పాంపెయానస్ చేయూతనిచ్చి మరల లేవనెత్తెను. ఆల్ప్స్ పర్వతములకు ఉత్తరమున చొఱబడిన జర్మనుల నీతడు తఱిమివేసెను. 175వ సంవత్సరమున కాన్సల్ పదవి లభించినది. బానిసకొడుకు కాన్సలగుట చూచి ఓర్వలేని పెద్దలు కొందఱు ఒక విషాదనాటకములోని పాదమును ఉదహరించి ఎత్తిపొడిచిరని డియో వ్రాసినాడు. ఆ మాటలన్నవారే పదునెనిమిదేండ్లకు అతనికి జయజయధ్వానములు చేయవలసివచ్చునని ఎవరికి తెలియును!

మార్కస్ ఆరీలియస్ 180వ సంవత్సరమున మరణించెను. ఆ రాజర్షి కడుపున కొమోడస్ పుట్టెను. అతని కాలమున పెరెన్నిస్ అను మంత్రి చక్రము త్రిప్పుచు పెర్టినాక్స్‌ను స్వగ్రామమునకు వెడలగొట్టెను. మూడు సంవత్సరములు అతడక్కడనే ఉండెను. అప్పటికి చాల ధనము గడించియున్నాడు. తండ్రి దుకాణము చుట్టునున్న భూములన్నియు కొని పెద్ద భవనములు కట్టించెను. కాని నడుమనున్న ఆ చిన్న దుకాణమును మాత్రము ఉన్నదున్నట్లు నిలిపెను. పైగా తన బానిసలచేత అందులో వర్తకము సాగించెనట. దీనిని పితృభక్తి యనవలెనా, లాభదృష్టి యనవలెనా? రెండును కావచ్చును. పెర్టినాక్స్ స్వభావమున ఈ రెండు పోగులును చివరివఱకు పెనవేసికొనియే ఉన్నవి.

పెరెన్నిస్ పతనమైన పిదప ఇతనిని బ్రిటనునకు పంపిరి. అక్కడి సేనలు తిరుగుబాటు చేసి మఱియొక చక్రవర్తిని నిలుపగోరుచుండెను, పెర్టినాక్స్‌నే నిలుపజూచెను. అతడు సమ్మతింపలేదు. ఒక తిరుగుబాటున దెబ్బలు తిని శవముల నడుమ శవమువలె పడియుండి బ్రతికి బయటపడెను. తరువాత ఆ దళమును కఠినముగా శిక్షించెను. పిదప ఆఫ్రికా పాలకుడయ్యెను, రోమునగర పాలకుడయ్యెను, 192వ సంవత్సరమున రెండవసారి కాన్సలయ్యెను.

ఈ లోపల కొమోడస్ వెఱ్ఱి ముదిరినది. అతడు తన్ను హెర్క్యులీజ్ అవతారమని చాటుకొనెను. రోమునగరమునకే తన పేరు పెట్టుకొనెను. మల్లుడై రంగస్థలమున దిగి మృగములను చంపుచుండెను. ఒకనాడు నిప్పుకోడి తల నఱికి, ఎడమచేత ఆ తలను, కుడిచేత నెత్తురోడు కత్తిని పట్టుకొని, సెనేట్ సభ్యులు కూర్చున్న చోటికి వచ్చి, మాటాడక, ఇకిలించుచు తల ఊపెను. మీకును ఇదియే గతియని ఆ సైగకు అర్థము. భయపడవలసిన ఆ సమయమున సభ్యులకు నవ్వు ముంచుకొనివచ్చెను. నవ్విన తల తెగును. అంతట డియో తన దండలోని ఆకులు త్రుంచి నమలుచు, ప్రక్కనున్నవారినిగూడ నమలుడని చెప్పి, నోళ్ళు కదలుటచేత నవ్వు కప్పిపుచ్చుకొనిరట. ఒక రాజ్యము ఎట్లుండెనో తెలుపుటకు ఈ యొక్క ముచ్చట చాలును.

192వ సంవత్సరము డిసెంబరు 31వ తేదీ రాత్రి కొమోడస్ ప్రియురాలు మార్షియా, అంతఃపురాధికారి ఎక్లెక్టస్, అంగరక్షకదళాధిపతి లేటస్ కలిసి అతనికి విషము పెట్టించిరి. విషము పూర్తిగా పాఱకపోగా నార్సిసస్ అను మల్లునిచేత గొంతు పిసికించిరి. పిమ్మట ఎక్లెక్టసును లేటసును చీకటిలో పెర్టినాక్స్ ఇంటికి పోయిరి. దళాధిపతి అర్ధరాత్రి తలుపు తట్టిన, కొమోడస్ కాలమున దానికి ఒకటే అర్థము. పెర్టినాక్స్ పడకమీదనుండి లేవలేదనియు, ఎన్నాళ్ళనుండియో ఈ ముహూర్తమునకే ఎదురుచూచుచున్నాననియు, వచ్చిన పని కానిండనియు వారితో పలికెననియు హెరోడియన్ వర్ణించినాడు. వారు రాజ్యము తీసికొమ్మని చెప్పగా ముందు నమ్మలేదు. నమ్మకమైన యొక మిత్రుని పంపి, కొమోడస్ శవమును కన్నులతో చూచి వచ్చిన పిదపనే ఇల్లు కదలెను.

అక్కడనుండి నేరుగా పోయినది సెనేటునకు కాదు, అంగరక్షకుల శిబిరమునకు. తరువాత జరిగిన అనర్థమునకు ఇచ్చటనే బీజము పడినది. కొమోడస్ రక్తపుపోటు పొంగి మరణించెనన్నట్లు భటులకు చెప్పిరి. భటునొక్కనికి 12,000 సెస్టర్సులు బహుమానమని పెర్టినాక్స్ వాగ్దానము చేసెను. సరిహద్దులను కాచు సామాన్య సైనికుని సంవత్సర వేతనము ఆ దినములలో 1,200 సెస్టర్సులు. అనగా ఇది పదియేండ్ల జీతము. అంత యిచ్చియు అతడు వారి మనసు విఱిచెను. ప్రసంగము చివర, ఇప్పుడున్న అవకతవకలు పెక్కు గలవనియు, వారి తోడ్పాటుతో వాటిని చక్కబఱుతుననియు ఒక మాట జాఱవిడిచెను. అవకతవకలనగా తమ యిష్టభోగములే యని భటులు గ్రహించిరి. ఊరకుండిరి గాని మఱవలేదు. ఆనాడు దళమునకు ఈయవలసిన సంకేతపదముగా ‘సైనికులమై యుందము’ అను అర్థముగల మాట నిచ్చెను. ఇంతవఱకు మీరు సైనికులు కారనుటయేగదా!

తెల్లవాఱుజామున సెనేట్ భవనమునకు వచ్చునప్పటికి తాళముచెవి గలవాడు కనబడలేదు. కాబోవు చక్రవర్తి ప్రక్కనున్న దేవాలయమున కూర్చుండి వేచియుండవలసివచ్చెను. అక్కడికి వచ్చిన పాంపెయానస్‌ను చూచి, ఒకప్పుడు తన్ను నిలిపిన ఆ పెద్దమనిషినే సింహాసనమెక్కుమని కోరెను, అతడు నిరాకరించెను. సభ కూడినపుడును తన వయసును, కులహీనతను చెప్పి తప్పించుకొనజూచెను. సభ్యులు ఒప్పుకొనలేదు. ఈ పాంపెయానస్‌నుగుఱించి డియో ఒక చమత్కారము వ్రాసినాడు. కొమోడస్ కాలమున ఆ వృద్ధుడు కంటిజబ్బు నెపముతో పల్లెవిడిచి రాకుండెను. పెర్టినాక్స్ రాగానే కన్నులు బాగుపడి సభకు వచ్చుచుండెను. పెర్టినాక్స్ పోగానే అతని కన్నులు మరల మసకబాఱినవి!

ఖజానా తెఱచి చూడగా అందు 10,00,000 సెస్టర్సులు మాత్రమే ఉన్నవి. వాగ్దానము ప్రకారము పంచిన అది 84 మంది భటులకు చాలదు. భటులో వేలకొలది. పెర్టినాక్స్ కొమోడస్ సంపదలను వేలమునకు పెట్టించెను. పట్టుబట్టలు, రత్నఖచితములైన మల్లుల ఆయుధములు, విగ్రహములు, గుఱ్ఱములు, విలాసమునకై కొన్న బానిసలు, అన్నియు బజారుకెక్కినవి. ఎండ తగులకుండ, గాలి తగులునట్లు త్రిప్పుకొనదగిన పీఠములు గల రథములును, నడచిన దూరమును కొలుచు రథములును అందుండెను. ఈ సొమ్ముతో భటులకు మాట చెల్లించి, నగరప్రజలకు తలకు 100 డెనేరియస్‌లు పంచెనని డియో చెప్పినాడు. నాణెములలో కొమోడస్ తగ్గించిన వెండిపాలును ఇతడు పెంచెను. పేదపిల్లల పోషణనిధికి తొమ్మిదేండ్లుగా చెల్లని బకాయిలుండెను. ఒకప్పుడు ఆ నిధికి తానే అధికారి గనుక ఆ లోటు ఎట్టిదో అతనికి చక్కగా తెలియును.

భూములనుగుఱించి చేసిన చట్టము అన్నిటికంటె గొప్పది. ఇటలీలోను ఇతర రాష్ట్రములలోను బీడుపడిన భూమిని, అది చక్రవర్తి సొంత భూమియైనను సరే, దున్నగలిగినవాడు దున్నుకొనవచ్చుననియు, పదియేండ్లవఱకు పన్ను లేదనియు, దున్నినవానికే ఆ భూమి శాశ్వతముగా చెందుననియు ప్రకటించెను. నదీతీరములందును రేవులందును దారులందును వసూలు చేయుచుండిన సుంకములను తీసివేసెను. చక్రవర్తి ఆస్తులపై తన పేరు ముద్రింపవలదని నిషేధించెను. అవి తనవి కావు, ప్రజలందఱివి అని అతని వాదము. ఉన్నిదుకాణమున పుట్టినవానికి లెక్క తెలియును: ఏది అంగడిది, ఏది ఇంటిది.

కుటుంబము విషయమున చూపిన నిగ్రహము అపూర్వము. భార్యకు ‘ఆగస్టా’ బిరుదమును, కుమారునకు ‘సీజర్’ బిరుదమును ఇత్తుమని సెనేట్ పట్టుబట్టెను. రెంటిని వద్దనెను. కొడుకును రాజభవనమున ఉంచుకొనలేదు. ఉన్న ఆస్తిని పిల్లలకు పంచి, వారిని తాతగారింటికి పంపెను. బాలుడు ఎప్పటివలె బడికి పోవుచు, తక్కిన పిల్లలతో కలిసి మెలగుచుండెను. చక్రవర్తి కొడుకు పలకపుస్తకములతో నడచిపోవుచుండగా రోము ప్రజలు వింతగా చూచియుందురు.

ఇంత చెప్పి మఱియొక ప్రక్క చూపకున్న న్యాయము కాదు. సిరియా పాలకుడైనప్పటినుండి పెర్టినాక్స్‌కు ధనాశ పట్టుకొన్నదని ఆగస్టా చరిత్ర నిందించుచున్నది. ‘తీయని మాటలవాడు’ అని వెక్కిరించు గ్రీకు మాట ఒకటి అతనికి ఎకసక్కెపు పేరుగా ఉండెనట. మిత్రులను విందునకు పిలిచి సగము పాలకూరకాడ వడ్డించెననియు, ఎందఱు వచ్చినను తొమ్మిది పౌనుల మాంసమే వండించెననియు, మిగిలిన కూరను మఱునాటికి దాచించెననియు కథలు గలవు. ధనికులు నవ్విరి, తక్కినవారు మెచ్చుకొనిరని డియో మాట. దుబారావలన కుప్పకూలిన ఇంటిని నిలుపవచ్చినవాడు పొదుపు చూపిన దానిని పిసినితనమనుట తేలిక. అయినను విందులో ఆ సగపు పాలకూర మాత్రము కొంచెము ఎక్కువే యనిపించును.

అంతకంటె పెద్ద తప్పు మఱొకటి. మార్కస్ ఆరీలియస్, లూసియస్ వీరస్ సోదరులు రాజ్యమునకు వచ్చినపుడు భటునకు 20,000 సెస్టర్సు లిచ్చియుండిరి. తానును వారంతయే యిచ్చితినని పెర్టినాక్స్ సెనేట్‌లో చెప్పుకొనెను. ఇచ్చినది 12,000. అప్పుడు సభాభవనమున భటులు పెక్కుమంది నిలిచి విన్నారు. వారు చదువురానివారు కావచ్చును గాని, 12కును 20కిని భేదమెఱుగనివారు కారు. సత్యసంధుడని పేరుగన్న వృద్ధుడు ఖజానా దైన్యమును కప్పిపుచ్చుటకో, పూర్వపు చక్రవర్తులకు సరితూగుటకో ఈ మాట యెందుకు పలికెనో గాని, దానితో వారి కోపమునకు న్యాయము కూడ తోడైనది.

ఇంతటి యనుభవజ్ఞుడును అన్నిటిని ఒక్కసారిగా చక్కదిద్దుట క్షేమము కాదని ఎఱుగలేకపోయెనని డియో విచారించినాడు. పదమూడు శతాబ్దములు గడచిన పిదప ఇటలీ రాజనీతిజ్ఞుడు మాకియవెల్లి ‘ప్రిన్సు’ గ్రంథమున ఇతనినే ఉదహరించి, చెడుపనుల వలెనే మంచిపనులును రాజునకు ద్వేషమును తెచ్చిపెట్టునని వాదించినాడు. ఏండ్లతరబడి అల్లరికి అలవాటుపడిన తరగతిలో మొదటినాడే బెత్తము పట్టుకొని నిలుచుండిన యువోపాధ్యాయుని పాట్లు బడులలో పనిచేయువారికి క్రొత్తవి కావు. కాని తొందర యొక్కటే కారణమనుట పూర్తి సత్యము కాదు. కొద్దినెలలకు వచ్చిన సెవెరస్ ఇంతకంటె తొందరగా, ఇంతకంటె కఠినముగా ప్రవర్తించి పదునెనిమిదేండ్లు ఏలెను. అతని వెనుక డాన్యూబు సేనలు ఉండెను. పెర్టినాక్స్ వెనుక ఎవరున్నారు? ఏ భటులను చక్కదిద్దవలెనో ఆ భటులే ఇతని కాపలాదారులు. ఏ లేటస్ చేతిమీదుగా రాజ్యము వచ్చినదో ఆ లేటస్ చేతిలోనే ఖడ్గమున్నది. పొలము కాచుటకు పెట్టిన కంచెయే మేయనారంభించిన, పైరు ఎంత మంచిదైన నేమి?

రాజ్యమునకు వచ్చి మూడు దినములైన కాకమునుపే భటులు ట్రియారియస్ మాటెర్నస్ అను సెనేట్ సభ్యుని పట్టుకొనిపోయి చక్రవర్తిని చేయబోయిరి. అతడు ఒంటిపై గుడ్డయైన లేక తప్పించుకొని, పెర్టినాక్స్ కడకే పరుగెత్తి వచ్చి ప్రాణము దక్కించుకొనెను. మార్చి మాసమున పెర్టినాక్స్ ధాన్యము సరఫరా చూచుటకు సముద్రతీరమునకు పోయియుండగా, కాన్సల్ సోసియస్ ఫాల్కోను నిలుపవలెనని మఱియొక కుట్ర జరిగెను. తిరిగివచ్చిన పెర్టినాక్స్ సభలో తన కష్టమును చెప్పుకొనెను. సభ్యులు ఫాల్కోకు మరణశిక్ష విధింపబోవుచుండగా అతడు లేచి అడ్డుపడెను. తన యేలుబడిలో న్యాయముగానైనను సెనేట్ సభ్యుడొక్కడును చంపబడరాదని గట్టిగా చెప్పెను. ఫాల్కో బ్రతికెను. కాని లేటస్ ఆ నెపముతో భటులను కొందఱిని, చక్రవర్తి ఆజ్ఞయన్నట్లు, చంపించెను. పెద్దలకు క్షమ, మాకు కత్తియా యని శిబిరము కుతకుతలాడెను.

మార్చి 28వ తేదీన 200 మందికి పైబడిన భటులు కత్తులు దూసి రాజభవనమువైపు కదలిరి. పెర్టినాక్స్ తన మామ సల్పిసియానస్‌ను అంతకుమునుపే శిబిరమును శాంతింపజేయ పంపియుండెను. లేటస్ భటుల కెదురుపోవుటకు మాఱుగా ముసుగు వేసికొని ప్రక్కదారిని ఇల్లు చేరుకొనెను. భవనములోని సేవకులు తలుపులు మూయలేదు. పొదుపుచే సంపాదన పోగొట్టుకొనినవారు వారును. ఆ గడియలో భవనమున కాపలాదళము, రౌతులు ఉండిరనియు, వారిచేత వచ్చినవారిని చంపింపవచ్చుననియు, కాదన్నచో తలుపులు బిగించుకొని దాగియుండవచ్చుననియు డియో చెప్పినాడు. పెర్టినాక్స్ ఆ రెండును చేయలేదు. ఒంటరిగా వారి కెదురువచ్చి మాటాడ మొదలిడెను.

ఆ మాటలకు బలము లేకపోలేదు. భటులు తల వంచిరి. కత్తులు ఒఱలలోనికి పోయినవి. పాతకాలపు ఒజ్జ గొంతు ఇంకను పని చేయుచున్నదనిపించినది. అంతలో ఒకడు, టౌసియస్ అను పేరుగలవాడు, ముందునకు దుమికి, ఈ కత్తి నీకు సైనికులు పంపినదని పలుకుచు పొడిచెను. తక్కినవారు కలిసిరి. పెర్టినాక్స్ ఉత్తరీయము తలపై కప్పుకొని కూలెను. అతనివెంట నిలిచినవాడు ఎక్లెక్టస్ ఒక్కడే. కొమోడస్‌ను చంపించిన ఆ అంతఃపురాధికారి ఈ వృద్ధునికొఱకు పోరాడి, కొందఱిని గాయపఱచి, అక్కడనే మరణించెను. చక్రవర్తి తలను ఈటెకు గ్రుచ్చి శిబిరమునకు మోసికొనిపోయిరి.

తరువాత జరిగినది మఱింత సిగ్గుచేటు. భటులు శిబిరపు ద్వారములు మూసి రాజ్యమును వేలము వేసిరి. లోపలనుండి పాడినవాడు చనిపోయిన చక్రవర్తి మామ సల్పిసియానస్! గోడ వెలుపలనుండి పాడినవాడు, 175వ సంవత్సరమున పెర్టినాక్స్‌తోబాటు కాన్సలైన డిడియస్ జూలియానస్. పాట భటునకు 20,000 వఱకు వచ్చెను. జూలియానస్ ఒక్కసారిగా 5,000 పెంచి, వ్రేళ్ళతోగూడ చూపించుచు కేకవేసెను. 25,000కు పాట కొట్టివేయబడెను. కొనినవాడు 66 దినములు ఏలి జూన్ 1వ తేదీన చంపబడెను.

రోమునకు నడచివచ్చిన సెప్టిమియస్ సెవెరస్ తన పేరునకు ‘పెర్టినాక్స్’ అను పేరు చేర్చుకొనెను. పాత చక్రవర్తి రక్తమునకు ప్రతీకారము చేయవచ్చితినని చాటుట అతనికి లాభము గదా. అంగరక్షకుల నందఱిని ఆయుధములు లేకుండ పిలిపించి, చుట్టుముట్టించి, నగరమునుండి వెడలగొట్టెను. పెర్టినాక్స్‌ను దేవుడని ప్రకటించి మహావైభవముగా ఉత్తరక్రియలు జరిపించెను. శరీరము లేదు గనుక మైనపు బొమ్మ చేయించి, విజయోత్సవపు దుస్తులు తొడిగి, దంతపు మంచముపై పరుండబెట్టిరి. నిద్రించుచున్నవానిపై వ్రాలకుండ ఒక చిన్నవాడు నెమలియీకల విసనకఱ్ఱతో ఈగలు తోలుచుండెను. డియో ఆ మంచమువెంట నడచినాడు. చితి మూడంతస్తులు; దానిపై పెర్టినాక్స్ నడపుచుండిన బంగారు రథము. నిప్పంటింపగనే దానినుండి ఒక గ్రద్ద ఆకాశమునకెగిరెను.

బడికి పోవుచుండిన కుమారుడు మఱి ఇరువదియేండ్లు బ్రతికెను. సెవెరస్ కొడుకు కారకల్లా తన తమ్ముడు గేటాను చంపి సింహాసనమున స్థిరపడిన దినములవి. కారకల్లా తాను జయించిన జాతుల పేర్లన్నియు బిరుదములుగా చేర్చుకొనుచుండగా, ‘గేటికస్’ అను పేరునుగూడ చేర్చుకొనవచ్చునని పెర్టినాక్స్ కుమారుడు పరిహాసమాడెనట. గేట్ జాతిని జయించినవాడనియు, గేటాను చంపినవాడనియు ఆ మాటకు రెండర్థములు. వైయాకరణుని కొడుకు శ్లేష. అతనిని కారకల్లా చంపించెను. ఆగస్టా చరిత్ర చెప్పిన కారణము మాత్రము ఆ శ్లేష కాదు. తండ్రి ‘సీజర్’ బిరుదము వద్దని తాతగారింటికి పంపిన ఆ పిల్లవాడు ఒక చక్రవర్తికి కొడుకగుటయే ఆ కారణము.